సోమవారం ఒకటో పీరియడ్: ఒక యువ ఉపాధ్యాయిని కేసు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు తరగతిలో తడబడుతున్నప్పుడు, వాళ్ల సెలవురోజులు ఎలా గడుస్తున్నాయన్న దాని మీదికి అందరి చూపూ పోతుంది. ఈ కేసులోనూ మొదట జరిగింది అదే. ఆదివారాల తిరుగుడే సోమవారం పాఠాన్ని చెడగొడుతోందన్న అనుమానంతో మొదలైన విచారణ, ఆ తిరుగుడులో చూసినవే పాఠానికి ఆధారం కావడం దాకా వచ్చింది. ఆ మధ్యలో తీసుకున్న ఒక్కొక్క నిర్ణయానికి వెనుక ఉన్న ఆలోచన, నాలాగా కొత్త ఉపాధ్యాయులకు బోధనలో తోడుగా ఉండే పని చేసేవారికి పనికొస్తుందని రాసిపెడుతున్నాను. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా ఊరి పేరు, బడి పేరు, సంవత్సరం వదిలేశాను. ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. తరగతిలో జరిగిన సంగతులు మాత్రం నా పరిశీలన పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

కడప జిల్లాలో నాపరాయి క్వారీలు ఎక్కువగా ఉన్న వైపున ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల అది. పిల్లల తండ్రుల్లో సగం మంది క్వారీల్లో రాయి కోసేవాళ్లు, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. మిగిలినవాళ్లు నల్లరేగడిలో శనగ, పత్తి వేసుకునే చిన్న రైతులు. ఊళ్లో పాత ఇళ్లన్నీ బండల మిద్దెలే. నేల, గోడ, కప్పు, వంటగట్టు, చివరకు పశువుల తొట్టి కూడా నాపరాయే. కేసు ముందుకు పోయేకొద్దీ ఈ రాయి ప్రసక్తి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి దీన్ని ముందే చెప్పడం అవసరం.

ఉపాధ్యాయిని వయసు పాతికేళ్లు దాటలేదు. డీఎస్సీ రాసి సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా చేరిన మొదటి ఏడాది. సొంత ఊరు అదే జిల్లాలోని ఒక పట్టణం. మండల కేంద్రంలో గది అద్దెకు తీసుకొని, రోజూ బస్సులో బడికి వచ్చిపోయేది. వారమంతా పాఠాలు, ఆపైన యాప్‌లలో హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించడం, సాయంత్రం పదో తరగతి పిల్లలకు అదనపు తరగతులు. శనివారం కూడా పనిదినమే కాబట్టి ఆమెకు దొరికేది ఆదివారం ఒక్కటే. రెండో శనివారం కలిసివస్తే రెండు రోజులు. ఆ ఒకటి రెండు రోజుల్లో తనలాగే కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు స్నేహితురాళ్లతో స్కూటీల మీద బయలుదేరేది. గండికోట, బెలూం గుహలు, యాగంటి, తాడిపత్రి గుళ్లు, ఓర్వకల్లు రాతివనాలు ఒక్క రోజులో పోయివచ్చేవి. రెండు రోజులు దొరికితే బస్సు పట్టుకొని లేపాక్షి, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. ఆమె చరిత్ర ఇష్టపడి చదువుకున్న మనిషి. ఏ గుడికి పోయినా శాసనం ఎక్కడుందని వెతికే రకం.

ఎదురైన సమస్య

ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచినప్పుడు చెప్పిన ఫిర్యాదు సూటిగానే ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో సాంఘిక శాస్త్రం పీరియడ్ అదుపులో ఉండడం లేదు, సోమవారం ఒకటో పీరియడ్ మరీ అధ్వాన్నం, ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో పిల్లలు ఆ సబ్జెక్టులోనే వెనకబడ్డారు. "ఆదివారమంతా ఎండలో తిరిగొస్తే సోమవారం పొద్దున పాఠం చెప్పే ఓపిక ఎక్కడుంటుంది సార్?" అన్నది ఆయన తేల్చుకున్న కారణం. దీనికి తోడు, మేడం తరగతిలో ఫోన్ తీసి తన టూర్ ఫొటోలు చూపిస్తుందని ఇద్దరు తల్లిదండ్రులు బడికి వచ్చి చెప్పారు. ఆమె వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న చిత్రాలు ఊళ్లో కొందరి కంటబడి, రచ్చబండ దగ్గర మాటల్లోకి కూడా వచ్చాయి.

ఈ చివరి విషయం మీద ఒక మాట. అదే బడిలో సెలవు దొరికితే తిరుమలకో మంత్రాలయానికో పోయివచ్చే మగ ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్ల సోమవారం గురించి ఎవరూ నన్ను పిలవలేదు. ఫిర్యాదులో ఎంత భాగం పాఠం గురించి, ఎంత భాగం ఒంటరిగా ఉంటూ స్కూటీ మీద తిరిగే ఆడపిల్ల గురించి అన్నది మొదటి రోజే విడదీసుకోవాలని నాకు అనిపించింది. విడదీయకపోతే, పాఠం బాగుపడినా ఫిర్యాదు అలాగే మిగిలిపోతుంది.

అందువల్ల నేను మొదట ఆమెతో మాట్లాడకుండా తరగతిలో కూర్చున్నాను. అలసటే కారణమైతే రెండు గుర్తులు కనిపించాలి: సోమవారం పాఠం మిగతా రోజుల కంటే తేడాగా ఉండాలి, ఆమె ఎక్కడికీ పోని ఆదివారం తర్వాతి సోమవారం బాగుండాలి. కాబట్టి సోమవారాలతో పాటు గురువారాలు కూడా చూడాలని నిర్ణయించుకున్నాను. వెనక బెంచీలో కూర్చొని, తరగతి పటం ఒకటి గీసుకొని, ఏ పిల్ల లేదా పిల్లవాడు నోరు విప్పితే ఆ స్థానంలో ఒక గీత గీశాను. టీచరు అడిగితే చెప్పిన జవాబుకు నిలువు గీత, తనంతట తాను అన్న మాటకు అడ్డ గీత. ఇది పాత పద్ధతే అయినా, తరగతి ఎలా నడిచిందన్న దాని మీద మన అభిప్రాయం కంటే ఈ గీతలు ఎక్కువ నమ్మదగినవి.

గీతలు చెప్పిన సంగతి ప్రధానోపాధ్యాయుల అంచనాకు విరుద్ధంగా ఉంది. సోమవారం పీరియడ్ మొదటి కొద్ది నిమిషాల్లోనే వారం మొత్తంలో అత్యధికంగా అడ్డ గీతలు పడ్డాయి. ఆమె ఫోన్ తీసి నిన్న చూసిన చోటు గురించి చెబుతూంటే పిల్లలు లేచి ముందుకు వచ్చి, ఒకరిమీద ఒకరు పడి ప్రశ్నలు అడిగారు. ప్రధానోపాధ్యాయులు వరండాలోంచి విన్న గోల ఇదే. తర్వాత ఆమె ఫోన్ లోపల పెట్టి "సరే, ఇప్పుడు పుస్తకాలు తీయండి" అనగానే గది చల్లబడింది. అక్కడి నుంచి గంట కొట్టేదాకా ఆమె ఒక్కతే మాట్లాడింది. ముందు బెంచీల్లోని నలుగురు మాత్రం అడిగినదానికి పుస్తకంలోని వాక్యం చదివి జవాబు చెప్పారు. గురువారం పీరియడ్‌లో మొదటి భాగం లేదు, రెండో భాగం మాత్రమే ఉంది. గోల లేదు కాబట్టి దాని మీద ఫిర్యాదు కూడా లేదు.

అంటే ఇబ్బంది అలసటలో లేదు. ఆమె డైరీలో సోమవారానికి రాసుకున్న పాఠ్యప్రణాళిక మిగతావాటికంటే తక్కువేమీ కాదు. తను చూసినది ఒక రకం జ్ఞానం, పుస్తకంలో ఉన్నది మరో రకం జ్ఞానం అన్నట్టు ఆమె తరగతిని నడుపుతోంది. మొదటిది మిఠాయిగా, రెండోది మందుగా పిల్లలకు అందుతోంది. మిఠాయి అయిపోయాక మందు ఇంకా చేదవుతుంది.

ప్రయత్నించినవి, ఫలించనివి

నా పరిశీలన ప్రధానోపాధ్యాయులకు చెప్పేలోపే ఆయన ఆమెను పిలిచి, కొన్నాళ్లు ప్రయాణాలు మానుకోమని సలహా ఇచ్చారు. ఆమె ఎదురు చెప్పలేదు. నేను కూడా అడ్డుపడలేదు. అలసట అన్న ఊహను పరీక్షించడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు, ఆ పరీక్ష ఆయన కళ్లెదుటే జరిగితే నేను వాదించవలసిన పని తప్పుతుంది. ఆ నెలలో ఆమె ఆదివారాలు గదిలోనే ఉండి పాఠాలు రాసుకుంది. సోమవారం ఒకటో పీరియడ్ నిశ్శబ్దంగా మారింది. అయితే పటంలో అడ్డ గీతలు దాదాపు మాయమయ్యాయి, ఆ తర్వాతి చిన్న పరీక్షలో మార్కులు కదలలేదు, ఆమె గొంతులో విసుగు పెరిగింది. చిన్న తప్పుకు కూడా పిల్లలను బయట నిలబెట్టడం అప్పుడే మొదలైంది. తరగతి నిశ్శబ్దంగా ఉండడం, తరగతి నేర్చుకోవడం ఒకటి కావని ప్రధానోపాధ్యాయులే ఆ నెలాఖరున నాతో అన్నారు. అక్కడితో ఆ సలహా వెనక్కి పోయింది.

రెండో ఆలోచన ఆమెదే. ఫోన్‌లో ఒకరిద్దరికే కనిపిస్తున్నాయి కాబట్టి, తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద చిత్రాలన్నీ పెద్దగా వేసి, ఒక వరుసలో కథగా చెప్పాలనుకుంది. గండికోటను ఎంచుకుంది. చాలా శ్రద్ధగా తయారుచేసింది: ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయే పెన్న, దాని అంచున కోట, పెమ్మసాని నాయకులు, మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే. ఒక పెద్దల సభలో చెప్పి ఉంటే చప్పట్లు పడే ప్రసంగం. పిల్లలు చేతులు కట్టుకొని చూశారు. ఆమె చివర "ఏమైనా ప్రశ్నలు?" అంటే వెనక నుంచి ఒక అమ్మాయి, "బస్సు అక్కడిదాకా పోతాదా మేడం? టికెట్ ఎంత?" అని అడిగింది.

తరగతి నవ్వింది. నేను ఆ ప్రశ్నను రాసుకున్నాను, ఎందుకంటే ఆ గంటలో వచ్చిన ఏకైక నిజమైన ప్రశ్న అదే. గండికోట ఆ ఊరికి దూరమేమీ కాదు. అయినా ఆ తరగతిలో అత్యధికులు దాన్ని చూడలేదు. ప్యానెల్ మీద చిత్రం ఎంత పెద్దదైతే, అది టీచరు చూసిన చోటు, తాము చూడనిది అన్న సంగతి అంత పెద్దగా కనిపించింది. ఆమె చెప్పినదంతా సరైనదే, కానీ అందులో పిల్లలకు ముందే తెలిసినది ఒక్కటీ లేదు. తెలియనిదాన్ని తెలియనిదానికే ముడివేస్తే పిల్లవాడికి వినడం తప్ప చేయగలిగింది ఉండదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబుగా బడి వాళ్లు విహారయాత్ర పెట్టారు. అనుమతులు, బస్సు, డబ్బులు అన్నీ కుదిర్చి తొమ్మిదో తరగతిని గండికోటకు తీసుకుపోయారు. పిల్లలకు ఆ రోజు దక్కిన సంతోషాన్ని నేను తక్కువ చేయను. అది వాళ్లకు ఎప్పుడో దక్కవలసింది. పాఠం సంగతికి వస్తే, మరునాడు రాసిన వ్యాసాలన్నీ ఒకే మాదిరిగా ఉన్నాయి: "మేము గండికోటకు వెళ్ళితిమి. అక్కడ అనేక ప్రదేశములు చూచితిమి. చాలా సంతోషముగా నుండెను." అక్కడి బోర్డు మీద రాసి ఉన్న సంవత్సరాలు ఎత్తి రాశారు. లోయ లోతు గురించి గానీ, రాతిపొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఎందుకున్నాయన్న దాని గురించి గానీ ఒక్కరూ రాయలేదు. ఏమి చూడాలన్న ప్రశ్న చేతిలో లేకుండా చోటు చూపించడం వల్ల ఇలా జరిగింది. ప్యానెల్ మీద చూపించినా, స్వయంగా నిలబెట్టి చూపించినా ఆ లోటు లోటుగానే ఉంది.

మలుపు

ఈ రెండు వైఫల్యాలను పక్కపక్కన పెట్టి ఆమె, నేను స్టాఫ్ రూములో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమె అడిగిన ప్రశ్న ఇది: "నేను అక్కడికి పోయినప్పుడు నాకు ఎందుకు బాగుంటుంది సార్? ఎవరూ నాకు పాఠం చెప్పరు కదా." నేను ఆమెనే చెప్పమన్నాను. బెలూంలో మొదటిసారి దిగినప్పుడు, ఇంత చదునైన చేను కింద ఇంత ఖాళీ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాననీ, ఆ ప్రశ్న ఇంటికి వచ్చాక కూడా వదల్లేదనీ చెప్పింది. పిల్లలకు ఆమె ఇన్నాళ్లూ జవాబులు తెచ్చిపెడుతోంది, తనను కుదిపిన ప్రశ్నను మాత్రం గదిలోనే వదిలేసి వస్తోంది. ఆ మాట అనుకున్నాక తర్వాతి అడుగు తేలికైంది: ఒకే చిత్రం, ఒకే ప్రశ్న, చోటు పేరు చెప్పకూడదు.

పేరు దాచడం వెనుక కారణం ఉంది. చోటు పేరు వినగానే పిల్లలు "చారిత్రక ప్రదేశం", "పర్యాటక కేంద్రం" లాంటి పుస్తకపు మాటల్లోకి జారుకుంటారు. పేరు లేకపోతే చిత్రాన్ని చూడడం తప్ప వేరే దారి లేదు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ప్రశ్న వేశాక ఆమె వెంటనే మాట్లాడకూడదు. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతుల్ని రికార్డు చేసి చూస్తే, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, ఎక్కువ మంది నుంచి వస్తున్నాయని తేలింది. మూడు సెకన్లు వినడానికి చిన్నవే గానీ, నలభై మంది పిల్లల ముందు నోరు మూసుకొని నిలబడిన కొత్త టీచరుకు అవి చాలా పొడవు. ఆమె వీపు వెనక వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టుకునేది.

మొదటి చిత్రం బెలూందే. పైనుంచి తీసిన గుహ ముఖద్వారం. మెట్లు, కమ్మీలు కనబడకుండా కత్తిరించింది. చదునైన నేలలో ఒక పెద్ద గుంట మాత్రమే కనిపిస్తుంది. "ఇది ఏమిటి? ఎవరు చేశారు?"

"దిగుడు బావి మేడం" అని తరగతిలో సగం మంది. "క్వారీ గుంత" అని మిగతావాళ్లు. క్వారీ కాదని వాదించినవాడు ఒక రాయి కోసేవాడి కొడుకు. క్వారీలో కోసిన రాయికి అంచు నిలువుగా, గీత గీసినట్టు ఉంటుందని, ఇక్కడ అంచంతా నున్నగా గుండ్రంగా ఉందని, వంకలో నీళ్లు పారేచోట రాయి ఇట్లే ఉంటుందని వాడు బోర్డు దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించాడు. అప్పటిదాకా నా పటంలో ఆ పిల్లవాడి స్థానంలో ఒక్క గీత కూడా లేదు. అయితే నీళ్లు రాయిని ఎట్లా తింటాయి అని ఆమె అడిగింది. ఆగింది. ఆ నిశ్శబ్దంలో మూడో బెంచీ అమ్మాయి, "మా ఇంట్లో బండ మింద చింతపులుసు పడితే తెల్లగా మచ్చ అవుతాది మేడం. ఎంత తోమినా పోదు. మా అమ్మ తిడతాది" అంది. ఆ వెంటనే నిమ్మకాయ కోసిన చోట కూడా అంతేనని ఇంకొకరు, పాలిష్ చేసిన బండకైతే ఇంకా తొందరగా అవుతుందని మరొకరు.

ఇది మా ప్రణాళికలో లేదు. ఉన్న ప్రణాళిక ప్రకారం ఆమె అక్కడ గుహల గురించి చెప్పడం మొదలుపెట్టాలి. మొదలుపెట్టకుండా, ఇంటికి పోయి వంటగట్టు మీద మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో, అవి వేటివల్ల వచ్చాయో అమ్మను అడిగి రాసుకురమ్మని పంపించింది. ఈ కేసు మొత్తంలో ఆమె తీసుకున్న మంచి నిర్ణయం ఇదే అని నా అభిప్రాయం. జవాబు చెప్పగలిగిన క్షణంలో చెప్పకుండా ఆగడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టం.

మరునాడు పిల్లలు పట్టీలు తెచ్చారు. చింతపండు, నిమ్మరసం, మామిడికాయ. ఒకరు బాత్రూం కడిగే యాసిడ్ అని కూడా రాసుకొచ్చారు. అన్నీ పులుపే అన్న సంగతి పిల్లలే కనిపెట్టారు. భౌతిక రసాయన శాస్త్రం ఉపాధ్యాయుడు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా తీసుకొని వచ్చి, కిటికీ కింద పడి ఉన్న నాపరాయి పెచ్చు మీద రెండు చుక్కలు వేశాడు. బుసబుసమని నురగ వచ్చింది. నాపరాయి ఒక రకం సున్నపురాయి. అందులోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదలడం వల్ల ఆ నురగ వస్తుంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని చాలా బలహీనమైన ఆమ్లంగా మారుతుంది, అది సున్నపురాయి పగుళ్లలోకి ఇంకి, చింతపులుసు బండ మీద చేసిన పనినే లక్షల ఏళ్లపాటు చేస్తే ఆ గుంట తయారవుతుంది. అప్పుడు ఆమె చోటు పేరు చెప్పింది. కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు, సర్వే చేసిన పొడవు 3,229 మీటర్లు, 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, 1980లలో జర్మన్ బృందం లోపల కొలతలు తీసింది, 2002లో సందర్శకులకు తెరిచారు. అంతకు ముందు గండికోట గురించి ఇలాంటి అంకెలే చెప్పినప్పుడు చేతులు కట్టుకొని కూర్చున్న పిల్లలు, ఇప్పుడు ఆ అంకెలను అడిగి మరీ రాసుకున్నారు. మన ఇంటి కప్పు మీద ఉన్నది కూడా ఈ రాయేనా అని ఒకడు అడిగాడు. అవునని ఆమె చెప్పలేదు, పెచ్చు తెచ్చి చుక్క వేసి చూడమంది.

ఆ తర్వాతే ఆమె పాఠ్యపుస్తకం తెరిపించింది. నీరు భూమి ఉపరితలాన్ని మలిచే తీరు గురించిన పేజీలో పిల్లలు తమకు తెలిసినదాన్ని వెతుక్కుంటూ చదివారు. అంతకు ముందు పుస్తకం తెరవగానే పడిపోయిన అడ్డ గీతలు, ఆ రోజు పుస్తకం తెరిచాక కూడా పడ్డాయి. నేను చూడదలచుకున్న మార్పు ఈ ఒక్కటే.

పద్ధతిని నిలబెట్టిన తీరు

ఒకసారి కలిసివచ్చినదాన్ని పద్ధతి అనలేం. నాపరాయి ఊరు కాబట్టి బెలూం కుదిరిందేమో అన్న సందేహం ఇద్దరికీ ఉంది. అందువల్ల ఉద్దేశపూర్వకంగా, పిల్లల ఊహ తప్పే ఉదాహరణను రెండోదిగా తీసుకున్నాం. ఆమె మళ్లీ గండికోట వైపు పోయినప్పుడు, కోటలో ఏదీ ముట్టుకోకుండా, దిగువన ఏటి ఒడ్డున దొరికిన ఒక ఎర్రటి గులకరాయిని తెచ్చింది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటి నుంచి రాయి కూడా ఏరుకోకూడదన్న సంగతి పిల్లలకు చెప్పడం కూడా అందులో భాగమైంది. చుక్క వేస్తే నురగ వస్తుందా రాదా అని ముందే చేతులెత్తించింది. దాదాపు అందరూ వస్తుందన్నారు. రాలేదు. అది క్వార్ట్‌జైట్. గట్టిపడిన ఇసుకరాయి. ఆమ్లం దాన్ని ఏమీ చేయలేదు. మరి పెన్న అంత లోతు లోయను ఎట్లా కోసింది అన్న ప్రశ్న పిల్లల నుంచే వచ్చింది. అక్కడ నీరు కరిగించదు, ఇసుకను, రాళ్లను మోసుకుపోతూ రాపిడితో కోస్తుంది, పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా ఊడదీస్తుంది. బెలూంలో గుండ్రటి అంచులు ఎందుకున్నాయో, గండికోటలో పేర్చిన బండల్లాంటి నిలువు గోడలు ఎందుకున్నాయో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నారు. విహారయాత్రలో తాము తీసుకున్న ఫొటోలను మళ్లీ తెచ్చి చూసినవాళ్లు కూడా ఉన్నారు. చిత్రం పాతదే గానీ ఇప్పుడు అందులో చూడవలసినది ఉంది.

చరిత్ర చెప్పే గురువారం పీరియడ్‌లకు ఇది పనిచేస్తుందా అన్నది తర్వాతి సమస్య. రాయి మీద చుక్క వేసినట్టు చరిత్ర మీద వేయలేం. ఆమె ఎర్రగుడి వెళ్లి అశోకుడి శిలాశాసనాల చిత్రాలు తీసుకొచ్చినప్పుడు, ముందుగా అక్షరాలు చూపించాలనుకుంది. నేను వద్దన్నాను. అక్షరాలు వాళ్లకు తెలియనివి, అంటే మళ్లీ ప్యానెల్ కథే అవుతుంది. పక్కనే ఉన్న జొన్నగిరి పేరు వాళ్లకు తప్పకుండా తెలుసు, కాబట్టి ఈ ఒక్కసారి పేరుతోనే మొదలుపెట్టమన్నాను. నియమాన్ని ఎందుకు పెట్టుకున్నామో గుర్తుంటే, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలుస్తుంది. "జొన్నగిరి ఎవరికి తెలుసు?" అనగానే, "మా మామ వజ్రాల కోసం పోయినాడు మేడం. వానపడినాక శానామంది పోతారు" అని ఒకడు లేచాడు. తొలకరి తర్వాత జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడం ఆ ప్రాంతమంతా తెలిసిన సంగతే. అక్కడ బంగారం కూడా ఉందని ఆమె చేర్చింది. ఎక్కడో పాటలీపుత్రంలో ఉన్న రాజు తన మాటను ఇంత దూరం తెచ్చి ఇక్కడి బండల మీద ఎందుకు చెక్కించి ఉంటాడన్నది ప్రశ్న. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారులు భావించారని ఆమె చివర్లో చెప్పింది. అది తేలిపోయిన విషయంగా కాకుండా వాదంగానే చెప్పింది. ఆ తర్వాత అక్షరాలు చూపిస్తే అవి పట్టుకున్నాయి. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పిల్లలు తమ పేర్లను అలా రాసి ఒకరి చేత ఒకరు చదివించుకున్నారు. గోల వచ్చింది. ప్రధానోపాధ్యాయులు ఈసారి వరండాలోంచి లోపలికి వచ్చి కూర్చున్నారు.

తేలినవి, తేలనివి

టర్ము చివర పెట్టే సమ్మేటివ్ పరీక్షలో వివరించి రాసే జవాబులు మెరుగుపడ్డాయి. పుస్తకంలోని వాక్యం కాక సొంత వాక్యం రాసినవాళ్లు పెరిగారు. భౌగోళిక పటంలో గుర్తించే ప్రశ్నల్లో మార్పేమీ లేదు. అది ఈ పద్ధతికి లొంగే నైపుణ్యం కాదు. నా గీతల పటంలో అబ్బాయిల గీతలు ముందు పెరిగాయి, అమ్మాయిలవి చాలా నెమ్మదిగా పెరిగాయి. చింతపులుసు సంగతి చెప్పింది అమ్మాయే అయినా, బోర్డు దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించిన ప్రతిసారీ అబ్బాయే వచ్చాడు. ఇంటి నుంచి రాసుకొచ్చిన పట్టీలను ముందు అమ్మాయిల చేత చదివించడం మొదలుపెట్టాక కొంత తేడా కనిపించింది.

పిల్లల జీవితంలోని జ్ఞానాన్ని బడి జ్ఞానంతో కలపాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లోనే రాసి ఉంది. శిక్షణ తరగతుల్లో ఆ వాక్యం వినని ఉపాధ్యాయుడు ఉండడు. వినడానికీ చేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ కేసు చూపిస్తుంది. ఎంత చక్కని చిత్రమైనా, ఎంత ఖర్చుపెట్టిన యాత్ర అయినా, పిల్లలు తమకు తెలిసినదాంతో లోపలికి అడుగుపెట్టే తావు ఇవ్వకపోతే అది టీచరు సొంత ప్రయాణంగానే మిగిలిపోతుంది. ఆ తావు ఎక్కడుందో కనుక్కోవడానికి టీచరు తిరిగి వచ్చిన చోటు గురించి ఎంత తెలుసుకోవాలో, పాఠం చెప్పే ఊరి గురించి కూడా అంత తెలుసుకోవాలి. ఆమె గండికోట చరిత్ర మొత్తం చదివింది గానీ, రోజూ బస్సు దిగి నడిచే దారిలోని పాలిష్ ఫ్యాక్టరీలోకి ఆ ఏడాది సగం గడిచేదాకా తొంగి చూడలేదు. తొంగి చూశాక అక్కడి నుంచి కూడా రెండు పాఠాలు వచ్చాయి.

ఒక దుష్ఫలితం కూడా నమోదు చేయాలి. రెండో టర్ము మధ్యలో ఆమె, "ఇప్పుడు ఎక్కడికి పోయినా పాఠమే కనబడుతోంది సార్. స్నేహితురాళ్లు ఫొటో తీయమంటే నేను రాయి అంచు తీస్తున్నాను" అంది. నవ్వుతూనే అంది గానీ దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. సెలవురోజు కూడా పనిలో కలిసిపోతే, ప్రయాణాలు మానేసిన నెలలో కనిపించిన విసుగే మరో దారిలో తిరిగి వస్తుంది. అందుకని నెలకు ఒక్క చోటు మాత్రమే తరగతికి తేవాలని, మిగతా ఆదివారాల గురించి తరగతిలో మాట్లాడకూడదని ఒక ఒప్పందానికి వచ్చాం. స్టేటస్‌లు ఎవరికి కనబడాలో ఫోన్‌లో సరిచేసుకోవడం ఆమె ఇష్టానికే వదిలేశాను. పెట్టడం మానేయమని మాత్రం చెప్పలేదు. ఆమె ఆదివారం ఎక్కడికి పోతుందన్నది బడి విషయం కాదని ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల సమావేశంలో తనే చెప్పారు. రచ్చబండ దగ్గరి మాటలు దానితో ఆగాయని నేను అనను.

వాడిన చిత్రాలు, వాటికి వేసిన ప్రశ్నలు, పిల్లల నుంచి వచ్చిన మొదటి జవాబులు ఇప్పుడు స్టాఫ్ రూములో ఒక ఫైలులో ఉన్నాయి. రసాయన శాస్త్రం ఉపాధ్యాయుడు వాటిలో కొన్నింటిని తన తరగతిలో వాడుతున్నాడు. పటంలో గుర్తించే నైపుణ్యం కోసం ఊరి వంకలు, దారులు, క్వారీలతో పిల్లల చేతే పటం గీయించే పని వేరుగా మొదలుపెట్టాం. దాని ఫలితాలు ఇంకా రాలేదు, వచ్చాక వాటిని విడిగానే రాయాలి.